పాత ఓమ్నికి ఏ బెల్టు? రాయగడ, కొరాపుట్ కౌంటర్లలో దొరికే మూడు రకాలు, వాటి బిగింపు

తీర్పు ముందే చెప్పేస్తే మంచిది. పాత మారుతి ఓమ్ని వ్యాన్‌కి ఆల్టర్నేటర్ (బ్యాటరీని నింపే డైనమో) బెల్టు మార్చాల్సి వస్తే పళ్ల బెల్టే అడగండి. అంటే పక్కలు కోసి ఉండి, లోపలి వైపు గాట్లు ఉండే రకం. సాదా బెల్టుకూ దీనికీ ధరలో ఉండే తేడా బేరం ఆడేంత పెద్దది కాదు. అయితే పుల్లీ గాడి (బెల్టు కూర్చునే చక్రపు పల్లం) అరిగిపోయిన బండికీ, ఆల్టర్నేటర్‌ను ఇంజిన్‌కు బిగించే చెవులు వదులైపోయిన బండికీ ఎంత ఖరీదైన బెల్టు వేసినా డబ్బు దండగే. దక్షిణ ఒడిశాలోని ఈ రాయగడ, కొరాపుట్ వైపు బండ్లలో త్వరగా చచ్చిపోయే బెల్టుల్లో ఎక్కువ వాటిని చంపేది రబ్బరు నాణ్యత కాదు, వాటి చుట్టూ ఉన్న ఇనుము.

ఓమ్ని 1984లో మారుతి వ్యాన్‌గా వచ్చింది. తయారీ 2019లో ఆగిపోయింది. అయినా రాయగడ, గుణుపురం, మునిగుడ సంతలకు అల్లం, వంకాయలు, పైనాపిల్ మోసేదీ, బడి పిల్లలను దించేదీ చాలాచోట్ల ఇంకా అదే. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ ముందు సీట్ల కింద, నేలకు దగ్గరగా ఉంటుంది. ఒకే వీ బెల్టు ఇంజిన్ తిప్పే క్రాంక్ పుల్లీ నుంచి బయలుదేరి వాటర్ పంపునూ ఆల్టర్నేటర్‌నూ తిప్పుతుంది. కౌంటర్లో ఫ్యాన్ బెల్టు అని అడిగినా డైనమో బెల్టు అని అడిగినా అదే ఇస్తారు. టైమింగ్ బెల్టు వేరు, అది కవరు లోపల ఉంటుంది. దాని సంగతి ఇక్కడ రాదు.

ఇక్కడి రోడ్లు బెల్టుకు పెట్టే పరీక్ష మామూలుది కాదు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి, సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉన్న కొరాపుట్ చేరేలోపు బండి చాలాసేపు రెండో గేరులోనే ఉంటుంది. మలుపు మలుపుకూ ఇంజిన్ వేగం ఒక్కసారిగా పడి మళ్లీ లేస్తుంది. మంచు పట్టినా వాన పడినా లైట్లు, వైపరు కలిసి ఆల్టర్నేటర్‌ను బరువెక్కిస్తాయి. బెల్టు జారేది సరిగ్గా అప్పుడే. చలికాలం సెమిలిగుడ వైపు తెల్లవారుజామున స్టార్ట్ చేస్తే వినిపించే కీచు శబ్దానికి కారణమూ ఇలాంటిదే. సెల్ఫ్ లాగేసిన కరెంటును తిరిగి నింపడానికి ఆల్టర్నేటర్ మొదటి నిమిషాల్లోనే గట్టిగా పని చేస్తుంది. చలికి బిగుసుకున్న రబ్బరు పుల్లీని సరిగా పట్టదు. వీటికి తోడు ఎర్ర దుమ్ము. వానలో చిమ్మిన నీళ్లతో కలిసి గాడిలో చేరి, బెల్టు తిరిగినంతసేపూ ఎమరీ కాగితంలా రాస్తూనే ఉంటుంది.

కౌంటర్ మీద మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది గుడ్డ చుట్టు బెల్టు. నాలుగు వైపులా రబ్బరు పట్టించిన గుడ్డ ఉంటుంది. పిండి మరలకు, పంపుసెట్లకు ఇది సరిపోతుంది, అక్కడ పుల్లీలు పెద్దవి. ఆల్టర్నేటర్ పుల్లీ చిన్నది. దాని చుట్టూ ఈ మందపాటి బెల్టు కష్టపడి వంగుతుంది, వంగినప్పుడల్లా లోపల వేడి పుడుతుంది. పక్కల గుడ్డ అరిగి దారాలు లేచాయంటే అవి పుల్లీకి చుట్టుకుని బెల్టును గాడిలోంచి గెంటేస్తాయి. ఎవరైనా చౌకగా ఇస్తామన్నా వద్దనండి.

రెండోది, పక్కలు కోసి వదిలేసిన సాదా బెల్టు. పక్కన రబ్బరు నేరుగా ఇనుమును తాకుతుంది కాబట్టి పట్టు గుడ్డ చుట్టు దానికన్నా మెరుగు. పర్లాకిమిడి చుట్టుపక్కల మైదానంలో, ఊళ్ల మధ్య తిరిగే బండికి ఇది చాలు. మూడోదే పళ్ల బెల్టు. ఈ పళ్లు పుల్లీ పళ్లలో కూర్చోవడానికి కాదు, పుల్లీకి అసలు పళ్లే ఉండవు. గాట్లు ఉండటం వల్ల మందం తగ్గకుండానే చిన్న పుల్లీ మీద సులువుగా వంగుతుంది, వేడి తక్కువ పుడుతుంది. దీనికీ ఒక లోపం ఉంది. కంకర రోడ్డు మీద గాట్ల మధ్య చిన్న రాళ్లూ బురదా ఇరుక్కుంటాయి. పగుళ్లు కూడా పంటి మొదట్లోనే పుడతాయి, పైనుంచి చూస్తే కనిపించవు. బెల్టును వెనక్కి వంచి చూడాలి. కొత్త తరం ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు బెల్టులైతే అరిగిపోయినా పెద్దగా పగలవు. పగుళ్లు లేవు కదా అని వాటిని నమ్మకూడదు, వెడల్పు తగ్గిందేమో చూడాలి.

కంపెనీల విషయంలో పెద్ద వాదన అక్కర్లేదు. మారుతి సొంత డబ్బాలో వచ్చేదైనా, ఫెన్నర్, గేట్స్ లాంటి తెలిసిన పేర్లైనా సరే. అసలు చిక్కు నకిలీ సరుకుతోనూ, 'ఇది కూడా సరిపోద్ది' అని ఇచ్చే పక్క సైజుతోనూ వస్తుంది. బెల్టును ఒక వేలికి వేలాడదీయండి. మెలికలు, కోణాలు లేకుండా సమంగా వేలాడాలి. వీపు మీద అచ్చు స్పష్టంగా ఉండాలి, బ్యాచ్ అంకె ఉండాలి, గోటితో గీకితే రాలిపోకూడదు. పళ్లన్నీ ఒకే లోతులో ఉండాలి. కోసిన పక్కలు నున్నగా, రెండూ ఒకే వాలులో ఉండాలి. ఏళ్ల తరబడి మేకుకు వేలాడి ఒకచోట వంపు ఖాయమైపోయిన బెల్టును కొత్తదే అన్నా తీసుకోవద్దు.

సైజు వీపు మీదే రాసి ఉంటుంది. 'ఏవీ 10' అంటే పై వెడల్పు 10 మి.మీ., 'ఏవీఎక్స్ 10' అంటే అదే వెడల్పులో పళ్ల రకం. గుణకారం గుర్తు తర్వాత వచ్చేది పొడవు, మి.మీ.లలో. దాని వెనక 'ఎల్ఏ' అని ఉంటే అది బెల్టు బయటి చుట్టు కొలత. పాత బెల్టు మీద అక్షరాలు చెరిగిపోతే బండితో వచ్చిన పుస్తకం చూడండి. అదీ లేకపోతే పాత బెల్టును కోసి బయటి వైపు టేపుతో కొలవండి. వాడిన బెల్టు కాస్త సాగి ఉంటుంది, ఆ కొలతకు దగ్గర్లో ఉన్న చిన్న సైజు చూడాలి. 10 గాడిలో 13 బెల్టు పైకి తేలి కూర్చుంటుంది, పక్కల కింది అంచు మాత్రమే పట్టుకుంటుంది. 13 గాడిలో 10 బెల్టు అడుక్కి దిగిపోతుంది. వీ బెల్టు బలమంతా పక్కల రాపిడిలోనే. అడుగు తాకిందంటే ఎంత బిగించినా జారుతుంది.

ఇక విప్పడం. ఇంజిన్ చల్లారాక సీటు ఎత్తండి. పైనుంచి కొంత, కింద పడుకుంటే కొంత చేతికి అందుతుంది. 12, 14 పానాలు, బ్యాటరీకి 10 పానా, ఒక చెక్క పిడి లేదా మొద్దు కర్ర, వైరు బ్రష్, పొడి గుడ్డ, స్కేలు ఉంటే చాలు. మొదట బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయాలి. ఆల్టర్నేటర్ వెనక ఉన్న లావుపాటి తీగకు తాళం తీసేసినా కరెంటు ఉంటుంది. పానా ఆ బోల్టునూ బాడీనీ ఒకేసారి తాకితే తీగ ఎర్రబడటానికి క్షణం పట్టదు. చాలా షెడ్లలో ఈ పని మానేస్తారు. అడిగి చేయించుకోండి.

ఆల్టర్నేటర్‌ను జరపడానికి పొడవాటి సందున్న పట్టీ మీద ఉండే అడ్జస్టర్ బోల్టును ముందు వదులు చేయాలి, తర్వాత ఆల్టర్నేటర్ కింది ఇరుసు బోల్టులను. ఇరుసు బోల్టు వదులు చేయకుండా ఆల్టర్నేటర్‌ను కర్రతో తన్నడం వల్లే అల్యూమినియం చెవులు పగులుతాయి. వదులయ్యాక ఆల్టర్నేటర్‌ను ఇంజిన్ వైపు నెట్టితే బెల్టు చేత్తోనే ఊడివస్తుంది. రాకపోతే ఇంకా వదులు చేయాలి. స్క్రూడ్రైవరు పెట్టి అంచు మీదుగా లాగకూడదు. కొత్త బెల్టు ఎక్కించేటప్పుడు ఇది మరీ ముఖ్యం. లోపల లాగుడును మోసే దారాలు స్క్రూడ్రైవరు ఒత్తిడికి ఒక పక్క తెగిపోతాయి. పైకి ఏమీ కనిపించదు. కొన్నాళ్లకు బెల్టు గాడిలో తిరగబడుతుంది, అప్పుడు తప్పు కంపెనీ మీదకు పోతుంది.

బెల్టు చేతిలోకి వచ్చాక పది నిమిషాలు పాతదాన్నే చదవండి. రెండు పక్కలూ అద్దంలా మెరుస్తుంటే జారింది. ఒక్క పక్కే అరిగితే పుల్లీలు వరుసలో లేవు. అడుగు మెరుస్తుంటే గాడి అరిగిపోయి బెల్టు కిందికి దిగింది. మెత్తబడి ఉబ్బితే నూనె తగిలింది, క్రాంక్ ముందు సీలు కారుతోందేమో చూడాలి. నూనె కారుతున్న ఇంజిన్‌కు కొత్త బెల్టు వేయడం ఆ బెల్టును కూడా పారేయడమే. ముందు సీలు మార్చండి.

బెల్టు లేనప్పుడు పుల్లీలను ఒక్కొక్కటిగా చేత్తో తిప్పి చూడండి, బెల్టు ఉన్నప్పుడు ఇది తెలియదు. ఆల్టర్నేటర్ గరగరమంటే బేరింగు పోతోంది. వాటర్ పంపు పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే ఆడకూడదు. పంపు కింద చిన్న రంధ్రం దగ్గర కూలెంట్ (ఇంజిన్‌ను చల్లార్చే నీళ్లు) ఎండిన మరక ఉంటే లోపలి సీలు వదిలేస్తోంది. దాని మీదకు బిగుతు బెల్టు వేస్తే నెలలు కాదు, వారాల్లో పంపు పోతుంది.

గాడులు వైరు బ్రష్‌తో రుద్ది పొడి గుడ్డతో తుడవాలి. డీజిల్, కిరసనాయిలు తగలనివ్వొద్దు. తర్వాత కొత్త బెల్టును, కోయకుండా, ఒకచోట గాడిలో కూర్చోబెట్టి చూడండి. దాని వీపు పుల్లీ అంచుకు సమంగానో, కాస్త పైకో ఉండాలి. అంచు కన్నా లోపలికి దిగితే, గాడి గోడలు గిన్నెలా పుచ్చి ఉంటే ఆ పుల్లీ మార్చాల్సిందే. ఆల్టర్నేటర్ చిన్న పుల్లీ సాలూరు, విజయనగరం, రాయగడ పాత సామాన్ల కొట్లలో దొరుకుతుంది. సాలూరులో లారీ బాడీలు కట్టే పని ఎక్కువ కాబట్టి అటు వైపు పుల్లీలు, బ్రాకెట్లు వెతకడం సులువు. కొనే ముందు వేలి గోరు గాడి గోడ మీద పైనుంచి కిందికి జరపండి. మెట్టు తగిలితే అది కూడా అరిగినదే.

పాత వ్యాన్లలో ఎక్కువమంది చూడనిది ఒకటి ఉంది, ఆల్టర్నేటర్ చెవుల్లోని రంధ్రాలు. ఏళ్ల తరబడి ఊగి ఊగి ఇరుసు బోల్టు రంధ్రం గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. బెల్టు బిగించగానే ఆల్టర్నేటర్ మొత్తం ఒక వైపుకు ఒరుగుతుంది, పుల్లీ వరుస తప్పుతుంది. మూడు పుల్లీల ముఖాలకు ఒక తిన్నని ఇనుప స్కేలు ఆనించి చూడండి. స్కేలు చేరకపోతే గట్టిగా లాగి పట్టిన దారం సరిపోతుంది. 300 మి.మీ. దూరానికి 2.5 మి.మీ. మించి తేడా ఉండకూడదు. తేడా ఉంటే రంధ్రంలో బుష్ (చిన్న లోహపు గొట్టం) వేయించాలి, బోల్టు కొత్తది వేయాలి. బోల్టు కింద వాషర్లు అడ్డదిడ్డంగా కుక్కి ముందుకు తేవడం పరిష్కారం కాదు. అలా చేస్తే ఆల్టర్నేటర్ బాడీకీ ఇంజిన్‌కూ మధ్య కరెంటు దారి కూడా పాడవుతుంది, ఎందుకంటే దాని ఎర్త్ ఆ బోల్టుల ద్వారానే పోతుంది. అనుమానం ఉంటే ఇంజిన్ నడుస్తూ లైట్లు వేసి ఉండగా ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య మీటరు పెట్టండి. 0.2 వోల్ట్ల కన్నా ఎక్కువ చూపిస్తే తుప్పు, పెయింటు గీకి శుభ్రం చేయాలి. బెల్టు మార్చాక కూడా బ్యాటరీ నిండటం లేదంటే చాలాసార్లు దొంగ ఇక్కడే దొరుకుతాడు.

అడ్జస్టర్ పట్టీ మీద సందు కూడా చూడండి. ఎన్నేళ్లుగానో బోల్టు ఒకే చోట నొక్కుకుని అక్కడ గుంట పడుతుంది. కొత్త బిగుతుకు బోల్టును కాస్త జరిపి బిగించినా, బండి కుదుపులకు అది మెల్లగా పాత గుంటలోకే జారిపోతుంది. 'పొద్దున్న బిగించాం, సాయంత్రానికి వదులు' అనే మాటకు అసలు కారణం ఇదే. వెడల్పైన మందపాటి వాషరు వేస్తే నిలుస్తుంది, గుంట లోతుగా ఉంటే పట్టీ మార్చాలి. కొత్త బెల్టు సరైన సైజుదైతే, బిగించాక బోల్టు సందు మొదట్లో ఉండాలి, ముందుకు సాగడానికి జాగా మిగలాలి. కొత్త బెల్టుకే సందు చివర చేరిందంటే పొడవు ఎక్కువైంది, తిరిగి ఇచ్చేయండి.

ఇప్పుడు బిగింపు. ఆల్టర్నేటర్‌ను బయటికి లాగేటప్పుడు కర్రను పుల్లీకి దగ్గరగా ఉన్న ముందు బ్రాకెట్ మీద ఆనించాలి. వెనక మూత మీద ఆనిస్తే డయోడ్ల పలక, బ్రష్‌ల డబ్బా దెబ్బతింటాయి. లాగి పట్టుకుని మొదట అడ్జస్టర్ బోల్టు బిగించండి, తర్వాత ఇరుసు బోల్టులు. 8 మి.మీ. బోల్టుకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల బిగుతు చాలు. పానాకు పైపు తగిలించి తిప్పితే అల్యూమినియంలో మరలు ఊడతాయి.

ఎంత బిగుతు? పుల్లీల మధ్య అన్నిటికన్నా పొడవైన ఖాళీ మధ్యలో 10 కిలోల బలంతో నొక్కితే బెల్టు 6 నుంచి 9 మి.మీ. దిగాలి, కొత్త బెల్టుకు 6 వైపు, వాడిన బెల్టుకు కాస్త 9 వైపు. బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే నమ్మండి. ఇక్కడ అందరూ పొరబడేది 10 కిలోల దగ్గర. బొటనవేలితో నొక్కిన బలం చాలామందికి అయిదారు కిలోలు కూడా దాటదు. వేలితో నొక్కి 'సరిపోయింది' అనుకున్న బెల్టు నిజానికి వదులుగా ఉంటుంది, లేదా భయపడి మరీ బిగించేస్తారు. సంతలో వాడే కొక్కెం స్ప్రింగ్ కాటా దొరికితే ఇంతకన్నా మంచి పరికరం అక్కర్లేదు. రెండు పుల్లీల మీదుగా బెల్టు వీపుకు స్కేలు ఆనించండి. మధ్యలో చిన్న తాడు వేసి కాటాతో 10 కిలోల ముల్లు వచ్చేదాకా లాగి, స్కేలు నుంచి ఎన్ని మి.మీ. కదిలిందో చూడండి. ఇద్దరు మనుషులు ఉంటే తేలిక.

ఇందుకోసమే అమ్మే చిన్న పెన్ను ఆకారపు గేజీ ఒకటుంది. గేట్స్ వారి క్రికిట్ అందులో పేరున్నది, 30 నుంచి 160 పౌండ్ల దాకా చూపిస్తుంది. ముల్లును లోపలికి నొక్కి, గేజీని బెల్టు మధ్యలో పెట్టి, ఒక వేలితో నెమ్మదిగా అదుముతూ వెళ్లాలి. టిక్కుమన్న క్షణం ఆపేయాలి. కదపకుండా పైకి తీసి ముల్లు ఏ గీత దగ్గర ఉందో చదవాలి. టిక్కుమన్నాక ఇంకా నొక్కితే అంకె తప్పు వస్తుంది, అందుకే మూడుసార్లు చూసి మధ్య అంకె తీసుకోవాలి. మంచి పరికరమే, కానీ ఓమ్ని ఒక్కదానికి కొనమని చెప్పలేం. సీటు కింద ఇరుకులో చెయ్యి నిటారుగా దిగడం కష్టం. పైగా మన పుస్తకాల్లో ఎక్కువగా ఉండేది మి.మీ. లెక్క, పౌండ్ల లెక్క కాదు. నాలుగైదు బండ్లు నడిపేవారికి మాత్రం పనికొస్తుంది. ఒకసారి కాటాతో సరిగ్గా బిగించి, గేజీ అప్పుడు చూపిన అంకెను బండి మీద రాసి పెట్టుకుంటే తర్వాత ప్రతిసారీ అర నిమిషం పని.

కొత్త బెల్టును ఒకసారి బిగించి వదిలేయడం సగం పని. మొదటి అరగంటలో అది గాడిలో సర్దుకుంటుంది, దారాలు కాస్త సాగుతాయి, బిగుతు గమనించేంతగా పడిపోతుంది. లైట్లు వేసి పది పదిహేను నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి, చల్లారనిచ్చి మళ్లీ కొలిచి బిగించండి. ఇంకోసారి 300 నుంచి 500 కిలోమీటర్ల మధ్య చూడండి. ఆ తర్వాత ప్రతి ఇంజిన్ ఆయిల్ మార్పుకు ఒకసారి చూస్తే చాలు. బిగించడానికి కూలీ తీసుకున్న షెడ్డు ఈ రెండో బిగింపును ఉచితంగా చేయాలి. ముందే అడిగి ఒప్పించుకోండి, ఒప్పుకోని చోట పని ఇవ్వకండి.

పని సరిగ్గా జరిగిందా లేదా అనేది మీటరుతో తేలిపోతుంది. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు నిండిన బ్యాటరీ 12.6 వోల్ట్లు చూపాలి. ఇంజిన్‌ను కాస్త వేగంగా నడిపితే 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. లైట్లు, వైపరు అన్నీ వేసినా 13.2 కన్నా కిందికి పోకూడదు. బెల్టు బిగుతు సరిగ్గా ఉండి కూడా ఈ అంకెలు రాకపోతే బెల్టును వదిలేసి ఆల్టర్నేటర్ బ్రష్‌లు, రెగ్యులేటర్ చూడండి. ఛార్జింగ్ రాలేదని బెల్టును ఇంకా ఇంకా బిగించుకుంటూ పోయే అలవాటు ఈ వైపు షెడ్లలో ఉంది. దానితో బ్యాటరీ నిండదు, బేరింగులు మాత్రం పోతాయి.

కీచు శబ్దం వస్తే బెల్టు మీద కాసిని నీళ్లు చల్లి చూడండి, చేతులు, కొంగులు దూరంగా ఉంచుకుని. శబ్దం ఒక్క క్షణం ఆగి మళ్లీ వస్తే పుల్లీలు వరుసలో లేవని అర్థం. పెరిగితే బెల్టు జారుతోంది, బిగుతు చాలదు. సబ్బు రుద్దడం, రోజనం పొడి చల్లడం, బెల్టు స్ప్రే కొట్టడం మాత్రం వద్దే వద్దు. రెండు రోజులు నోరు మూసుకుంటుంది, ఆ జిగురుకు దుమ్ము పట్టి గాడి ఇంకా తొందరగా అరుగుతుంది. దారిలో బెల్టు తెగితే చున్నీ ముడి వేసి నడిపేయొచ్చనే సలహా కూడా ఇక్కడ ప్రచారంలో ఉంది. ముడి పుల్లీ మీద దూకుతుంది, వాటర్ పంపు సరిగా తిరగదు. ఎర్ర బ్యాటరీ దీపం వెలిగి వేడి ముల్లు లేస్తే ఘాట్ మధ్యలోనైనా బండి ఆపేయాలి. బ్యాటరీ మీద కాసేపు ఇంజిన్ నడుస్తుంది, కూలెంట్ మాత్రం తిరగదు. హెడ్ గాస్కెట్ ఖర్చు ముందు బెల్టు ధర లెక్కలోకి రాదు.

డీజిల్ వ్యాన్లు నడిపేవారికి ఒక మాట వేరుగా చెప్పాలి. చాలా పాత డీజిల్ బండ్లలో బ్రేకు బూస్టర్‌కు గాలి లాగే వాక్యూమ్ పంపు ఆల్టర్నేటర్ వెనకే ఉంటుంది. అలాంటి బండికి బెల్టు తెగినా బాగా జారినా ఛార్జింగ్ ఒక్కటే పోదు. రెండు మూడు తొక్కుళ్ల తర్వాత బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది. సుంకి దిగుతున్నప్పుడు అది జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ బండ్లకు ఆల్టర్నేటర్ తీసినప్పుడల్లా వాక్యూమ్ పంపు నూనె గొట్టాలు, రబ్బరు పైపు కూడా చూడాలి. రెండు బెల్టులు పక్కపక్కన నడిచే బండి అయితే రెండూ ఒకే కంపెనీ, ఒకే బ్యాచ్‌వి కొని ఒకేసారి మార్చాలి. ఒకటే మారిస్తే కొత్తది బరువంతా మోస్తుంది, పాతది ఊరికే ఊగుతుంది, రెండూ త్వరగా పోతాయి.

అదనపు బెల్టు విషయంలో చాలామంది ఊడదీసిన పాతదాన్నే సీటు కింద పడేస్తారు. అది అవసరానికి ఎంతసేపు నిలుస్తుందో ఎవరూ చెప్పలేరు. కొత్తదే కొని, ఒకసారి ఎక్కించి సైజు సరిపోయిందని చూసుకుని, తీసి, పొడి సంచిలో పెట్టుకోండి. ఇంజిన్ ఆయిల్ డబ్బా పక్కన, ఎండ పడే అద్దం దగ్గర ఉంచొద్దు. గట్టిగా మడిచి రబ్బరు బ్యాండు వేయొద్దు, పెద్ద వలయంగా ఉండనివ్వండి. దానితోపాటు 12, 14 పానాలు, కర్ర ముక్క, చేతి దీపం కూడా అదే సంచిలో పెట్టండి. లక్ష్మీపూర్ దారిలో రాత్రి పూట బెల్టు ఉండి పానా లేకపోతే బెల్టు లేనట్టే.